కూర్చుంటే గెలిచినట్టే

ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి విధిగా వీడియో గేమ్ తయారు చేస్తూ ఉండాలి! ఆడుతూ కాదు, తయారు చేస్తూ. అదీ బాగా చేతనైన మనిషి కాకూడదు. బొత్తిగా చేతకాని మనిషై ఉండాలి. వీలైతే ఆ మనిషి ఇంటి ఇల్లాలే అయివుండాలని నా సవరణ. దీన్ని చట్టం చేసినా నాకు అభ్యంతరం లేదు.

నవ్వకండి. నేను చాలా గంభీరంగా చెబుతున్నాను.

వీడియో గేముల వల్ల సంసారాలు పాడవుతున్నాయనీ, వేళ్ళు వంకర్లు పోతున్నాయనీ, కళ్ళు దెబ్బతింటున్నాయనీ పెద్దలు పత్రికల్లో రాస్తున్నారు. కళ్ళ సంగతి నాకొదిలేయండి. నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. వచ్చినవాళ్ళ గడ్డాన్ని మిషను మీద ఆనించి, అద్దం మార్చి మార్చి, "ఇప్పుడు బాగుందా? ఇప్పుడు?" అని సాయంత్రం దాకా అడగడమే నా ఉద్యోగం. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు నిండుగా ఉంది.

నాకు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టించింది మా దుకాణంలో కంప్యూటర్. అది మొరాయించినప్పుడల్లా బాగుచేసే పెద్దమనిషి ఒకాయన వచ్చేవాడు. నాకు వీపు చూపించి కూర్చుని, ఏవో మీటలు టకటకా నొక్కి లేచేవాడు. ఏం చేశారని అడిగితే, "మీకర్థం కాదు లెండి" అనేవాడు. అర్థం కాదంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. ఆ "లెండి" ఉంది చూశారా! అది గుచ్చుకుంది.

ఇంటికొచ్చి మా అమ్మాయితో మొర పెట్టుకున్నాను. అది కాలేజీలో కంప్యూటర్లే చదువుతోంది.

"పుస్తకం ముందేసుకుంటే రెండో పేజీకి గురక పెడతావమ్మా, నీ సంగతి నాకు తెలీదా! ఒక గేమ్ చెయ్యి. చేస్తూ చేస్తూ నేర్చుకో. చిన్నదే చెయ్యి. పిచ్చిదైనా ఫర్వాలేదు, నీదైతే చాలు" అంది.

నీదైతే చాలు! మా ఇంట్లో నా దువ్వెన కూడా అందరిదీ. అందుకని వెంటనే ఒప్పేసుకున్నాను.

భోజనాల బల్ల మీద ఒక చివర కంప్యూటర్ పెట్టుకుని, అమ్మాయి చూపించినట్టు ఏదో టైప్ చేశాను. వెంటనే తెర మీద ఎర్రటి అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. ఫలానా లైనులో బ్రాకెట్ తెరిచి మూయలేదని వాటి సారాంశం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీన్ని చూసి బెంబేలెత్తిపోతారట. నాకు మాత్రం ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

ఎందుకంటారా? మావారు డ్రైవింగ్ స్కూల్ నడుపుతారు. మంచివారే. కానీ కోపం వస్తే మాట్లాడరు.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు."

"ఏదో అయింది. నేనేమైనా అన్నానా?"

"అది నీకే తెలియాలి."

ఏ లైనులో తప్పుందో చెప్పరు! పొద్దున్న కాఫీ దగ్గర్నుంచి పోయినేడు పెళ్ళిలో నేనన్న మాట దాకా మొత్తం నేనే వెతుక్కోవాలి. కంప్యూటర్ అలా కాదే! తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది. దిద్దుకుంటే అక్కడికక్కడే మరిచిపోతుంది. "అప్పుడు కూడా నువ్విలాగే చేశావు" అని పాతవి తవ్వదు. ఇంతటి సంస్కారం గల ప్రాణి మా ఇంట్లో అంతకుముందు లేదు.

సరే, ఆటకి ఒక గమ్యం ఉండాలట. మామూలుగా అయితే రాకుమారిని విడిపించాలి, లేదంటే నిధి తవ్వాలి. నాకు బొమ్మలు గీయడం రాదు. రాకుమారిని గీస్తే బకెట్‌లా వచ్చింది. నిధి పెట్టె గీస్తే అదీ బకెట్‌లాగే వచ్చింది. కుర్చీ ఒక్కటి మాత్రం కుదురుగా వచ్చింది. అయితే కుర్చీయే గమ్యం! ఒక ఆడమనిషి వీధి తలుపు తెరుచుకుని ఇంట్లోకి వస్తుంది. హాలు దాటి, వంటిల్లు దాటి, కిటికీ పక్కనున్న కుర్చీ దాకా వెళుతుంది. కూర్చుంటే గెలిచినట్టే.

మా అమ్మాయి చూసి పెదవి విరిచింది. "ఇందులో ఆటేముందమ్మా? నడిచి వెళ్ళి కూర్చోవడానికి ఎవరైనా గేమ్ ఆడతారా? అడ్డంకులు పెట్టు. ఆవిణ్ణి ఎవరో ఒకరు ఆపాలి కదా!"

అడ్డంకుల కోసం నేను అడవులు పట్టి తిరగలేదు. తల తిప్పి చూశానంతే.

స్నానాల గది తలుపు సందులోంచి ఒక మీసాల బొమ్మ "తువ్వాలెక్కడ?" అంటుంది. మంచం మీంచి రెండు జడల బొమ్మ "నా ఛార్జర్ చూశావా?" అంటుంది. సోఫాలోంచి తెల్లజుట్టు బొమ్మ "ఎవరో బెల్లు కొడుతున్నారు చూడు" అంటుంది. పిలిచినప్పుడల్లా నా కథానాయిక ఉన్నచోటి నుంచి వెనక్కి తిరగాలి. వెళ్ళి ఆ పని చేసిపెట్టి, మళ్ళీ వీధి తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఈ లోపల పొయ్యి మీద పాలు పొంగుతాయి. రాక్షసులకు ఆయుధాలు గీయక్కర్లేదు, మంటలు గీయక్కర్లేదు. ఎంత పొదుపైన ఆటో చూడండి!

ఆమె ప్రాణానికి గుర్తుగా తెర మీద ఒక అంకె ఉండాలంది అమ్మాయి. దానికి నేను "ఓపిక" అని పేరు పెట్టాను. వందతో మొదలవుతుంది. ప్రతి పిలుపుకీ కొంత తగ్గుతుంది. సున్నా అయితే ఆట ముగుస్తుంది.

ఆటని ఎవరైనా ఆడి, తప్పులు పట్టిపెట్టాలట. దాన్నే టెస్టింగ్ అంటారు. తప్పులు పట్టడానికి మనిషి కావాలని చెప్పగానే మా అత్తగారు సోఫాలోంచి చెయ్యెత్తారు.

మా అత్తగారు రిటైరైన డ్రిల్లు టీచరు. ఆవిడ పిలకాయల్ని పరిగెత్తించిన మైదానాలు పోయాయి గానీ మెళ్ళో విజిల్ మాత్రం ఇంకా ఉంది. వచ్చి నిటారుగా కూర్చుని, తెర మీద తెల్లజుట్టు బొమ్మని చూడగానే పోల్చేశారు.

"ఇది నేనేగా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అంటే అత్తయ్యా... ఊరికే... పోలిక కోసం..."

"పోలిక బానే ఉంది. ముక్కు ఇంత లావు పెట్టావేం? తగ్గించు" అని ఆటలోకి దిగిపోయారు.

ఆవిడ టెస్టింగ్ మామూలుగా ఉండేది కాదు. నా కథానాయిక గోడలోంచి దూరి పక్కింట్లోకి పోతే విజిల్. పాల గిన్నె గాల్లో తేలితే విజిల్. అలా ఒక ఆదివారం పొద్దున ఆడుతూ ఆడుతూ ఆగి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏమ్మా, దీని ఓపిక సున్నా దాటి మైనస్‌లోకి పోయింది. ఇంకా నడుస్తూనే ఉందే?"

చూసుకుంటే నిజమే. సున్నా దగ్గర ఆపాలన్న షరతు రాయడం మరిచిపోయాను. "తప్పే అత్తయ్యా, దిద్దేస్తాను" అన్నాను.

అత్తగారు కాసేపు ఆ అంకెనే చూశారు. మైనస్ అంకె ఇంకా కిందికి దిగుతోంది, బొమ్మ తువ్వాలు పట్టుకుని హాల్లో నడుస్తోంది.

"తప్పెందుకవుతుంది?" అన్నారు. "అలాగే ఉంటుందిగా. ఉండనీ."

ఆ ఒక్కసారి ఆవిడ విజిల్ ఊదలేదు.

ఇంత రభస జరుగుతుంటే మావారు ఊరుకుంటారా? "తప్పుకోండి, నేను నడుపుతా" అని వచ్చి కూర్చున్నారు. డ్రైవింగ్ నేర్పే మనిషి కదా, ఆట ఆడినా సరే బల్ల కింద కాలు బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. హాలు దాటారు. వంటిల్లు దాటారు. కుర్చీ అల్లంత దూరంలో ఉందనగా, "తువ్వాలెక్కడ?" అంది మీసాల బొమ్మ.

వెనక్కి తిరిగారు. తువ్వాలిచ్చారు. మళ్ళీ బయల్దేరారు. ఛార్జరు. పాలు. బెల్లు. మళ్ళీ కుర్చీ దగ్గరికి రాగానే, "నా కళ్ళజోడెక్కడ?" అంది మీసాల బొమ్మ.

"వీడికేం పనీ పాటా లేదా!" అని మావారు బల్ల గుద్దారు. "కళ్ళజోడు వాడి నెత్తి మీదే ఉంది! తువ్వాలు తలుపు వెనకే ఉంది! చెయ్యి చాపితే అందుతుంది గదా వెధవకి! ఆవిడ కూర్చోబోయేదాకా ఆగి మరీ పిలుస్తున్నాడు. ఎవడే వీడు?"

మా అమ్మాయి నవ్వాపుకోలేక పక్క గదిలోకి పరిగెత్తింది. అత్తగారు పైకప్పు పరీక్షించసాగారు. నేను చాలా గంభీరంగా, "ఆటలో విలన్ ఎవరో ఒకరు ఉండాలి కదండీ" అన్నాను.

"ఉండాలిలే గానీ మరీ ఇంత దుర్మార్గుడా? ఆవిడ పలక్కుండా ఉండటానికి మీట ఏదైనా పెట్టు. 'నువ్వే చూసుకో' అని ఒక మీట పెట్టు."

"అలాంటి మీట ఉండదండీ."

"ఎందుకుండదు? రాసేది నువ్వేగా!"

నిజమే, రాసేది నేనే.

మీట పెట్టాను. అప్పుడు మొదలైంది అసలు కష్టం! ఆవిడ "మీరే చూసుకోండి" అనడం క్షణంలో పని. కానీ అన్న తర్వాత మీసాల బొమ్మ తనంతట తాను తువ్వాలు వెతుక్కోవాలి కదా! అది రాసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బయల్దేరిన బొమ్మ నేరుగా వెళ్ళి గోడని గుద్దుకుంటుంది. అక్కడే నిలబడి గోడనే గుద్దుతూ ఉంటుంది.

"వాడికి కళ్ళు లేవమ్మా. ఎక్కడ వెతకాలో, ఏది అడ్డమొస్తే ఎటు తిరగాలో ఒక్కొక్కటీ నువ్వే చెప్పాలి" అంది అమ్మాయి.

"దాని బదులు ఆ తువ్వాలేదో నేనే ఇచ్చేస్తే సులువు కదే?"

"అందుకే అందరం ఇచ్చేస్తూ ఉంటాం" అన్నారు సోఫాలోంచి అత్తగారు.

చివరికి మావారే పూనుకున్నారు. "నేను వెతుకుతాను, నువ్వు చూసి రాసుకో" అని స్నానాల గది దగ్గర నిలబడ్డారు. ఒక మనిషి సొంతింట్లో తువ్వాలు ఎలా వెతుకుతాడో నేను శాస్త్రీయంగా పరిశీలించిన రోజది. మొదట చెప్పుల బీరువా తెరిచారు. తర్వాత ఫ్రిజ్. "ఎడమకి తిరుగు, కొంచెం రివర్స్, ఆ, ఇప్పుడు నేరుగా" అని తనకు తనే చెప్పుకుంటూ ఇల్లంతా ఒక చుట్టు చుట్టారు. ఆఖరికి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు దొరికింది. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడిపోయారు. చెయ్యి మెల్లిగా మీసాల మీదికి వెళ్ళింది.

"ఏమోయ్..." అన్నారు.

"ఏమండీ?"

"ఆ బొమ్మకి మీసాలు తీసేస్తే బాగుంటుందేమో."

"తీసేస్తే మిమ్మల్ని... అదే, బొమ్మని గుర్తుపట్టలేమండీ."

ఆయన మర్నాటి నుంచి స్నానానికి వెళ్ళేముందు తువ్వాలు భుజాన వేసుకుని, అది నాకు కనబడేలా ఒకసారి హాల్లో తిరిగి వెళుతున్నారు. ఇలాంటి లాభాలు ఏ ప్రోగ్రామింగ్ పుస్తకంలోనైనా రాశారా?

ఈలోగా మా అమ్మాయి ఒక పని చేసింది. సరదాకి గేములు తయారుచేసేవాళ్ళందరి ఆటలనూ లైబ్రరీ హాల్లో ప్రదర్శనకు పెడుతున్నారట. నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా నా పేరు ఇచ్చేసి వచ్చింది. వాళ్ళ నియమం ఒక్కటే: ప్రతి ఆటకీ ముగింపు ఉండాలి. గెలిచినవాళ్ళకి తెర మీద ఏదో ఒకటి జరగాలి.

నా చిక్కంతా అక్కడే. మా అత్తగారు చేయి తిరిగిన ఆటగత్తె అయిపోయారు, కుర్చీ దాకా వెళ్ళి కథానాయికని కూర్చోబెట్టేస్తున్నారు. కూర్చుంది. తర్వాత? తర్వాత ఏమీ లేదు. తెర నల్లబడుతుంది. ఎందుకంటే నేను అక్కడి దాకానే రాశాను. తువ్వాలు వెతకడం రాశాను, పాలు పొంగడం రాశాను. ఆడమనిషి తీరిగ్గా కూర్చుంటే ఏం జరుగుతుందో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు. నేనెప్పుడూ చూస్తే కదా!

"బాణసంచా పెట్టు" అంది అమ్మాయి. పెట్టాను. ఆ చప్పుడుకి కథానాయిక లేచి చూడాల్సి వచ్చేటట్టుంది. తీసేశాను. "కప్పు ఇవ్వు" అన్నారు మావారు. ఇచ్చాను. ఆవిడ దాన్ని కడుగుతుందేమోనని నాకే భయమేసింది. అదీ తీసేశాను.

ఇక లాభం లేదని ఇంట్లో ప్రకటించాను. "నేను టెస్టింగ్ చెయ్యాలి. కిటికీ పక్కన కుర్చీలో చేతిలో ఏమీ లేకుండా కూర్చోవాలి. ఏం జరుగుతుందో చూసి కోడ్ రాయాలి. మధ్యలో ఎవరైనా పిలిస్తే టెస్టు పోతుంది, మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి."

అబ్బ! ఆ సాయంత్రం మా ఇంటిని మీరు చూసి ఉండాల్సింది. మావారు కుర్చీ తెచ్చి కిటికీ పక్కన వేసి, అది కదులుతోందని ఒక కాలి కింద అట్టముక్క పెట్టారు. అమ్మాయి కాలింగ్ బెల్లు స్విచ్చి తీసేసి గుమ్మం బయట నిలబడింది. అత్తగారు విజిల్‌ని జాకెట్లో దోపుకుని మునివేళ్ళ మీద నడిచారు. కుక్కర్ కూత వెయ్యబోతుంటే మావారు గోల్ కీపర్లా ఎగిరి వెళ్ళి స్టవ్ ఆపేశారు.

నేను కూర్చున్నాను.

మొదట ఏం జరిగిందంటే, లేచిపోయాను. ఎవరూ పిలవలేదు, కాళ్ళే లేచిపోయాయి. మళ్ళీ కూర్చున్నాను. చేతులు ఊరుకోక చీర కొంగుని మడత పెట్టసాగాయి. వాటిని ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదురింటి మేడ మీద ఎవరో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. టైలరు దుకాణం మూసుకుంటున్నాడు, తాళం సరిగా పడిందో లేదో లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి లాగి చూశాడు. ఎండ గోడ మీంచి జారి నేల మీదికొచ్చింది. దుకాణం మీద బోర్డు చదవబోయాను. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. నా కళ్ళజోడు పవర్ మారిపోయింది! ఎన్నాళ్ళైందో ఏమో! అందరి కళ్ళూ కొలిచే మనిషికి ఆ సంగతి తెలియాలంటే దూరంగా చూడాలి కదా. దూరంగా చూడాలంటే కూర్చోవాలి కదా.

చీకటి పడ్డాక అమ్మాయి తలుపు తోసి మెల్లగా అడిగింది. "ఏం జరిగిందమ్మా?"

"ఏం జరగలేదు."

"అయ్యో! మరేం రాస్తావు?"

"అదే రాస్తాను" అన్నాను.

అదే రాశాను. ప్రదర్శన రోజున లైబ్రరీ హాలంతా పేలుళ్ళు, గుర్రపు డెక్కలు, రాకెట్లు. ఒక మూల నా బల్ల. నా ఆటలో ఆవిడ కూర్చోగానే చప్పుళ్ళన్నీ ఆగిపోతాయి. ఎండ గోడ మీంచి నేల మీదికి జారుతుంది. ఒక పిట్ట కిటికీ మీదుగా పోతుంది. అది కూడా కొంచెం బకెట్‌లాగే ఉంటుంది. అంతే, ఇంకేమీ జరగదు.

మొదట ఒక నర్సమ్మ వచ్చి ఆడింది. విసుక్కుంది, నవ్వింది, "వీడు అచ్చం మా ఆయనే" అంది, గెలిచింది. గెలిచి, లేవలేదు. తెరవైపు చూస్తూ అలాగే కూర్చుంది. ఆవిడ తర్వాత బస్సు కండక్టరమ్మ. ఆవిడా అంతే. ఆ తర్వాత ఒక టీచరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని మరీ కూర్చుంది. క్యూ పెరిగిపోయి గుమ్మం దాటింది. చిత్రమేమిటంటే, క్యూలో ఎవరూ తొందరపెట్టడం లేదు!

ప్రదర్శన నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, మీ ఆటలో లోపముంది. గెలిచాక ఎవరూ లేవట్లేదు. కాసేపయ్యాక దానంతటది ఆగిపోయేటట్టు టైమర్ పెట్టండి."

"మీకర్థం కాదు లెండి" అన్నాను. ఆ "లెండి" పలకడంలో ఎంత సుఖముందో, పలికితేగానీ తెలియదు.

బహుమతి రాకెట్ల ఆటకి ఇచ్చారు. నాకేం కష్టం కలగలేదు. రాకెట్ నడిపేవాడిది ఎలాగూ కూర్చునే ఉద్యోగం, కుర్చీ విలువ వాళ్ళకేం తెలుసు పాపం!

ఇప్పుడు మీలో ఎవరో అడగబోతున్నారని నాకు తెలుసు. "ఏవమ్మా, కాసేపు కూర్చోవడానికి ఇంత ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా? అలిసిపోయాను, కూర్చుంటాను అని ఇంట్లో ఒక్క మాట చెబితే సరిపోయేది కదా?"

చెప్పకేం, చాలాసార్లు చెప్పాను. "కూర్చో, ఎవరొద్దన్నారు?" అనేవారు. అని, తువ్వాలెక్కడని అడిగేవారు.

అలసట అంటే వినబడని చెవులకి టెస్టింగ్ అంటే వినబడుతుంది. నాకు చేతనైన కోడ్ మొత్తంలో బాగా పనిచేసిన పదం అదొక్కటే. అందుకే ప్రోగ్రామింగ్ నేర్చుకోమంటున్నాను, నా మాట వినండి!

ఆమధ్య ఒక ఆదివారం మా అత్తగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఏమ్మా, నేనూ ఒక గేమ్ చేద్దామనుకుంటున్నాను. నాకూ నేర్పుతావా?"

"తప్పకుండా అత్తయ్యా! మీ ఆటలో గమ్యమేమిటి?"

"మంచం. మధ్యాహ్నం పూట. నిద్రపడితే గెలిచినట్టు."

ఆ రోజు నుంచే టెస్టింగ్ మొదలైంది. ప్రతి ఆదివారం భోజనం కాగానే ఆవిడ విజిల్ తీసి నా మెళ్ళో వేసి, గదిలోకి వెళ్ళి పడుకుంటారు. మావారు ఫోన్ గొంతు నొక్కేస్తారు. అమ్మాయి కర్టెన్లు లాగుతుంది. నేను తలుపు దగ్గర కాపలా ఉంటాను. సాయంత్రం లేచి, "ఇంకా కొంచెం తేడా ఉంది, వచ్చేవారం మళ్ళీ చూడాలి" అంటారు. మేం ముగ్గురం శ్రద్ధగా తలూపుతాం.

ఆవిడ ఇంతవరకూ కంప్యూటర్ ముట్టుకోలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తు రావడం లేదు.